తాగుబోతుల్లో నాలుగోవాడు

మన సాహిత్యంలో తాగుబోతులకు కొదవలేదు. గురజాడ కన్యాశుల్కంలో సారాదుకాణం ఉంది. అక్కడివాళ్లు మనల్ని నవ్విస్తారు. 1953లో ఈ మదరాసులోనే తయారయిన దేవదాసు చిత్రం తాగుడుకు విరహపు గౌరవం కట్టబెట్టింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారామీద తిరగబడ్డాక వచ్చిన కథల్లో తాగుబోతు పెళ్లాన్ని కొట్టేవాడయ్యాడు. ఆ కథలు రాయవలసినవే. అయితే నవ్వించేవాడు, ఏడిపించేవాడు, కొట్టేవాడు కాక నాలుగోవాడొకడున్నాడు. అతను రోగి. అతన్ని మన రచయితలు పట్టించుకోలేదన్నదే నా ఫిర్యాదు.

2020 మార్చి నెలాఖరున అతను అందరి కళ్లా పడ్డాడు. లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. కొద్ది రోజుల్లోనే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం పోటెత్తారు. చేతులు వణకడం, మూర్ఛలు, లేనివి కనబడడం, వినబడడం. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడ్డవారి అవస్థ మరీ ఘోరం. ఏళ్లతరబడి తాగిన ఒంటికి ఉన్నపళంగా మాన్పిస్తే ప్రాణంమీదికి రావచ్చునని వైద్యులు చెబుతారు. ఆ జూలై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మన చెన్నైలో మార్చి 24న మూతపడ్డ టాస్మాక్ దుకాణాలు ఆగస్టు 18 దాకా తెరవలేదు.

కరోనామీద కథలూ కవితలూ చాలా వచ్చాయి. వలస కూలీల నడక, దిక్కులేని శవాలు, గదిలో ఒంటరితనం అన్నీ చదివాను. కాని ఆసుపత్రి గుమ్మంలో వణుకుతూ నిలబడ్డ ఈ మనిషి నాకు ఎక్కడా తారసపడలేదు. దుకాణాలు తెరిచిన రోజు క్యూలమీద జోకులు మాత్రం కావలసినన్ని.

లోపం మాటలోనే ఉంది. అక్కడ ఎర్రగడ్డ, ఇక్కడ కీళ్పాక్కం. రెండూ ఊళ్ల పేర్లు. మన నోట మాత్రం వెక్కిరింతలు. కథల్లో సంభాషణలు రాసేవారూ నవ్వుకోసం వాటినే వాడుతున్నారు. ఆ గేటు దాటవలసినవాడికి ముందు ఆ వెక్కిరింతే వినబడుతుంది. అందుకే ఇంటివాళ్లు దాస్తారు, ఆలస్యం చేస్తారు.

ఇది మన ఊరి తెలుగువారికి మరీ దగ్గరి సంగతి. ఊరంతా తలుపులు బిగించుకున్న రోజుల్లో చెత్త ఎత్తిన పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు ఇంటిభాషగా ఉన్నవారు ఎందరో. వారి ఇంట్లోగాని మన ఇంట్లోగాని ఒకరికి ఈ జబ్బు చేస్తే, డాక్టరుకు తమిళంలో చెప్పుకోవాలి. బజారు పనికి తమిళం చాలు. అర్ధరాత్రి గోడమీద ఏవో పాకుతున్నాయన్న భయం మాత్రం తెలుగులోనే కలుగుతుంది. దాన్ని చెప్పుకునే మాటలు మన కథలైనా ఇవ్వలేదు.

కథ వైద్యం చెయ్యాలా అని అడగవచ్చు. అక్కరలేదు, చూస్తే చాలు. రాయదలచినవారికి ఒక్క మనవి. తాగుబోతు అన్న మాట పక్కనబెట్టి, ఆ మనిషి పేరుతో కథ మొదలుపెట్టండి.