గుర్రపు శిక్షణలో త్రాళ్లు, కప్పీలు : ఒక విమర్శ

శిక్షకుడు నేలపై నిలిచి, పొడవైన పగ్గమును చేతబట్టి, తన చుట్టును గుర్రమును వలయముగా నడపు పద్ధతికి లాంజింగు అని పేరు. ఐరోపాలో ఇది చిరకాలముగా నున్నది. ఫ్రెంచి అశ్వశిక్షకుడు గెరినియేరు 1733లో వెలువడిన తన గ్రంథమున లేత గుర్రమును మొదట ఇట్లే త్రిప్పవలెనని చెప్పెను. నేడు ఆ పగ్గమొక్కటియే చాలదనుచున్నారు. కళ్లెమునుండి జీనుపట్టెడకు ప్రక్కత్రాళ్లు, చెవుల వెనుకనుండి దిగు త్రాళ్లు, తొడల వెనుకగా చుట్టివచ్చు కప్పీల అమరిక, రబ్బరు పట్టీలు మొదలైనవి అంగళ్లలో దొరకుచున్నవి. వీనిని తగిలించి కొన్నాళ్లు త్రిప్పినచో వెన్ను బలియుననియు, తూకము కుదురుననియు అమ్మువారు చెప్పుదురు. ఈ మాటను పరీక్షింపక నమ్ముట తగదు. పొరపాటు జరిగినచో వెన్నునొప్పియు, నోటిపుండును గుర్రమునకు; కొన్నవానికి పోవునది డబ్బు మాత్రమే.

ఈ పరికరములకు శాస్త్రాధారమే లేదనుట న్యాయము కాదు. గుర్రమునకు మనకువలె భుజమును రొమ్ముతో కలుపు జత్రుక లేదు. దాని మొండెము రెండు ముందుకాళ్ల నడుమ కండరముల ఉయ్యాలలో వ్రేలాడుచుండును. నిలిచియున్నప్పుడు బరువులో సగముకంటె ఎక్కువ, దాదాపు నూటికి 58 పాళ్లు, ముందుకాళ్లే మోయును. వెన్నెముకను విల్లుగాను, కడుపు కండరములను దాని నారిగాను డచ్చి శాస్త్రజ్ఞుడు స్లైపరు 1946లో వర్ణించెను. నారి బిగిసినచో విల్లు వంగును. అట్లే కడుపు బిగిసినచో వీపు పైకి లేచును. తలవెనుకనుండి మూపు మీదుగా సాగిపోవు బలమైన స్నాయు వొకటి కలదు. తల దించినప్పుడు అది మూపు ఎముకలను ముందునకు లాగును. రౌతు లేని గుర్రములను నడుచు పట్టాపై నడిపించి 2006లో ప్రకటించిన కొలతలలో, తల ఎత్తినచో వెన్ను ముందుభాగము క్రుంగుట, దించినచో లేచుట స్పష్టముగా కనబడెను. నడుము భాగమున ఫలము ఇందుకు విరుద్ధముగా నుండెను. అమ్మకపు కరపత్రములలో ఈ రెండవ సంగతి కానరాదు. వీపంతయు ఒక్కమారుగా లేచునని అవి చెప్పును. వెన్నెముక అంత సులభమైన కమ్మి కాదు.

బ్రెజిల్ దేశపు రౌతు నెల్సన్ పెసోవా పేర ప్రసిద్ధమైన అమరిక వీనిలో మిక్కిలి వ్యాపించినది. దాని త్రాడు కళ్లెమునుండి కప్పీల మీదుగా పోయి తొడల వెనుకకు చుట్టుకొనును. 2013లో ఇంగ్లండులో దీనిని పరీక్షించిరి. గుర్రము మేనిపై గుర్తులంటించి, దానిని తగిలించియు, తగిలింపకయు ట్రాట్ నడకలో వలయముగా త్రిప్పి, కీళ్ల కోణములను కొలిచిరి. తగిలించినప్పుడు వీపు లేచెను, నడుముకీలు వంగెను, వేగమును అంగ పొడవును తగ్గెను. గిట్టపై కీలు మునుపటికంటె ఎక్కువ సాగలేదు. అనగా కాలి స్నాయువులపై అదనపు భారము పడినట్లు కనబడలేదు. ఇది మంచి పరిశోధన. దానిని చెప్పినంతవరకే గ్రహించినచో చిక్కు లేదు.

చిక్కంతయు దానిపై కట్టిన మేడలో నున్నది. ఆ కొలతలు త్రాడు ఉన్నప్పటి భంగిమకును, లేనప్పటి భంగిమకును గల భేదమును చూపినవి. బలము పెరిగెనా లేదా యను ప్రశ్న వేరు. నెలల తరబడి పని చేయించి, త్రాడు విప్పిన తరువాత కండరమును కొలిచినగాని దానికి జవాబు రాదు. కఱ్ఱకు కట్టిన తీగ నిటారుగా నిలుచును, కఱ్ఱ తీసిన పిమ్మట నిలుచునో లేదో అప్పుడు చూడవలెను. పైగా వేగము తగ్గుటవలన కలిగిన మార్పెంత, త్రాటివలన కలిగిన దెంత యని విడదీయుట కూడ సులభము కాదు.

ఇక నోటి సంగతి. ప్రక్కత్రాళ్లు సాగని తోలువైనచో కఠినమనియు, రబ్బరు కలిసినచో మృదువనియు సామాన్యాభిప్రాయము. 2011లో ప్రకటితమైన ఒక పరిశోధనలో ఎనిమిది గుర్రములను సరళరేఖలో ట్రాట్ చేయించి, సాగనివి, కొంచెము సాగునవి, బాగుగా సాగునవి అను మూడు తరగతుల త్రాళ్లలోని లాగుడును కొలిచిరి. ట్రాట్ నడకలో మూలగా ఎదురెదురుగా నుండు కాళ్లు జతజతగా నేలను తాకును. కనుక ఒక పూర్తి అంగలో తల రెండుమారులు ఊగును, త్రాడును రెండుమారులు బిగియును. సాగని త్రాటిలో ఆ బిగువు శిఖరము హెచ్చు. కాని నడుమ అది బాగుగా సడలును. సాగు త్రాటిలో శిఖరము తక్కువయే గాని, సడలింపు కూడ తక్కువ. ఎట్టి త్రాడైనను పొట్టిచేసినకొలది లాగుడు పెరిగెను. గుర్రము నేర్చుకొనునది ఒత్తిడివలన మాత్రమే కాదు, సరిగా చేసిన క్షణమున ఆ ఒత్తిడి తొలగుటవలన. మంచి రౌతు చేయి ఆ క్షణమును కనిపెట్టును. కట్టివేసిన త్రాటికి కన్ను లేదు. సడలనే సడలని లాగుడుకు గుర్రము అలవాటుపడి, దానిపై వ్రాలి బరువు వేయుట నేర్చినచో, ఆ శిక్షణకు ‘మృదువు’ అను పేరు పెట్టుట భాషకు ద్రోహము.

తూకము మాటకు వత్తము. వలయమున పరుగెత్తు జంతువు లోపలివైపునకు ఒరగవలెను. సెకనుకు 3 మీటర్ల వేగముతో 20 మీటర్ల వ్యాసము గల వలయమున ఒరుగు దాదాపు 5 డిగ్రీలు. వ్యాసము 10 మీటర్లైనచో 10 డిగ్రీలు. అదే చిన్నవలయమున వేగము 4 మీటర్లైనచో 18 డిగ్రీలు. వేగము మూడవవంతు మాత్రమే పెరుగగా ఒరుగు దాదాపు రెట్టింపైనది, ఏలననగా ఇచ్చట లెక్కకు వచ్చునది వేగవర్గము. 450 కిలోల గుర్రము 3 మీటర్ల వేగముతో 10 మీటర్ల వలయమున తిరుగునప్పుడు, దానిని లోపలికి త్రిప్పుటకు నేలనుండి కాళ్లు పొందవలసిన ప్రక్కత్రోపు 80 కిలోల బరువును మించును. ఆరోగ్యవంతమైన గుర్రము సైతము వలయమున కొంత అసమముగా అడుగువేయుననియు, ఒరుగు పెరిగినకొలది ఆ అసమత పెరుగుననియు 2012లో కొలిచి చూపిరి. కావున చిన్నవలయమున, వడిగా, తల బిగించి త్రిప్పుట తూకము నేర్పుట కాదు. ఉన్న తూకమును కష్టపెట్టుట. ఏ త్రాడు కొనవలెనని విచారించువారు వలయము ఎంత, వేగమెంత, నేల మెత్తనా గట్టియా అని ముందు విచారించినచో ఎక్కువ లాభము.

రబ్బరు పట్టీల విషయమున ఆధారము కొంత మేలు. పట్టీలను కడుపుక్రిందను, తొడల వెనుకను తగిలించి నాలుగు వారములు వ్యాయామము చేయించిన పరిశోధన 2017లో వెలువడెను. పట్టీలున్నప్పుడు వెన్ను ప్రక్కలకు ఊగుట తగ్గి నిలకడ పెరిగెను. అడుగుల సమతలో మాత్రము మార్పు రాలేదు. ఇవి నోటిని ముట్టవు. అది చిన్న గుణము కాదు.

నిజముగా కండరము పెరుగుదలను కొలిచిన పరిశోధన మరియొకటి కలదు. 2011లో వచ్చిన దానిలో ఎనిమిది గుర్రములచేత, నిలిచియున్నచోటనే, తినుబండారము చూపి మెడ వంచించిరి. ముక్కు ఒకమారు రొమ్మునకు, ఒకమారు ముందుకాళ్ల నడుమకు, ఒకమారు ప్రక్కకు తిరిగి తొడవైపునకు పోవలెను. ఒక్కొక్క వంపు అయిదేసిమారులు, వారమునకు అయిదు దినములు, మూడు నెలలు. అతిధ్వని యంత్రముతో చూడగా, వెన్నుపూసలను అంటిపెట్టుకొని వాని నిలకడను కాచు లోపలి కండరము పరిమాణమున పెరిగెను. కుడియెడమల భేదమును తగ్గెను. ఆ గుర్రములు తరువాత రౌతును ఎంత బాగుగా మోసినవో ఆ కొలత చెప్పదు. కప్పీలమ్మువారి కరపత్రములలో ఈ వ్యాయామము పేరు సామాన్యముగా కనబడదు. దానికి కావలసిన సామగ్రి ఒక క్యారెట్టు ముక్కయు, ఓపికగల సాహిణియు.