దిబ్బను కాపాడినవాళ్ళకు మ్యూజియంలో చోటేది?

మ్యూజియం అంటే పాత వస్తువులు దాచే ఇల్లు అని చాలామంది అనుకుంటారు. వస్తువును దాచడానికి తాళం చాలు. దాని జ్ఞాపకం నిలబడాలంటే మాత్రం చుట్టుపక్కల బతికే జనం కావాలి. 2022 ఆగస్టులో ప్రాగ్‌లో సమావేశమైన అంతర్జాతీయ మ్యూజియంల మండలి కూడా తన కొత్త నిర్వచనంలో ప్రజా సమూహాల భాగస్వామ్యాన్ని చేర్చింది. ఈ కొలతతో ఖరగ్‌పూర్ ప్రాంతంలోని రెండు చోట్లను చూద్దాం.

మొదటిది మొగల్‌మారి. ఖరగ్‌పూర్‌కు దక్షిణంగా యాభై కిలోమీటర్ల లోపే, దాంతన్ దగ్గర ఉన్న పల్లె. అక్కడి దిబ్బను తరతరాలుగా ఒక రాజకుమారి కథతో ముడిపెట్టి చెప్పుకునేవారు. దాని గురించి కలకత్తా విశ్వవిద్యాలయ పురాతత్వవేత్త అశోక్ దత్తాకు చెప్పింది ఒక స్థానిక ఉపాధ్యాయుడు. 2003-04లో మొదలైన తవ్వకాల్లో బౌద్ధ మహావిహారం బయటపడింది. ఆర్య భిక్షు సంఘం పేరున్న ముద్రికలు దొరికాయి. 2016లో పెద్ద సంఖ్యలో కంచు విగ్రహాలు వెలికివచ్చాయి. ఇంత జరగడంలో ఊరి యువజన సంఘం పాత్ర చిన్నది కాదు. దిబ్బ మీదే వాళ్ళ గది, గ్రంథాలయం ఉండేవి. వాళ్ళు బౌద్ధులు కారు. అయినా విహారాన్ని తమ ఊరి గౌరవంగా భావించారు.

ఇక్కడే మనవాళ్ళలో కొందరితో మాకు పేచీ ఉంది. అది బౌద్ధ స్థలం కాబట్టి బౌద్ధులకే అప్పగించాలని వాళ్ళ వాదన. మేము ఒప్పుకోం. ఆ విహారం నడిచిన రోజుల్లో భిక్షువు పాత్రలో అన్నం పెట్టింది చుట్టుపక్కల పల్లెలే. ఈరోజు ఆ దిబ్బను కనిపెట్టుకుని ఉన్నదీ పల్లెవాళ్ళే. వాళ్ళను పక్కకు నెట్టి కట్టే స్మారకానికి ధమ్మం పేరు పెడితే సరిపోదు.

పల్లె చేయి దాటిపోతే ఏమవుతుందో అమరావతి చెబుతుంది. మహాచైత్యం రాళ్ళు కొన్ని ఇళ్ళ గోడల్లోకి పోయాయి, కొన్ని చెన్నై చేరాయి, మరికొన్ని లండన్ చేరాయి. స్తూపాన్ని చూడడానికి వచ్చినవాడికి అక్కడ మిగిలింది ప్రధానంగా పునాదే. మొగల్‌మారికి ఆ గతి పట్టకూడదు.

రెండోది హిజ్లీ. 1930లో బ్రిటిష్‌వాళ్ళు నిర్బంధ శిబిరంగా వాడిన భవనం అది. 1931 సెప్టెంబర్ 16న నిరాయుధులైన ఖైదీల మీద కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను చంపారు. 1951లో ఐఐటీ చదువులు అక్కడే మొదలయ్యాయి. 1990 నుంచి నెహ్రూ శాస్త్ర సాంకేతిక మ్యూజియం ఆ భవనంలోనే ఉంది. అమరులను, విజ్ఞానాన్ని స్మరించుకోవడం సరైనదే.

అయితే ఈ ఊరిని నిలబెట్టినవాళ్ళు వేరే ఉన్నారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికోసం ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చిన తెలుగు కూలీలు వాళ్ళలో ముఖ్యులు. హిజ్లీ కాల్పులకు నాలుగేళ్ళ ముందు, 1927లో, ఇక్కడి రైల్వే కార్మికులు పెద్ద సమ్మె చేశారు. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఆ రైల్వే కార్మిక సంఘానికి నాయకుడు. ఒకే ఊరి రెండు పోరాటాల్లో ఒకటి గోడ ఎక్కింది. రెండోది మథురకాటి, నింపురా ముసలివాళ్ళ నోటి మాటల్లో మిగిలింది. వాళ్ళు పోతే అదీ పోతుంది. పాత క్వార్టర్ల ఫొటోలు, జీతపు చీటీలు, పనిముట్లు ఇప్పటికే పాత సామాన్ల బండి ఎక్కుతున్నాయి.

చట్టం ఏమంటుంది? రాజ్యాంగం 29(1) అధికరణం ప్రత్యేక భాష, లిపి, సంస్కృతి ఉన్న ఏ పౌర సమూహానికైనా వాటిని కాపాడుకునే హక్కునిచ్చింది. పురావస్తువుల రక్షణ కోసం 1972లో వచ్చిన చట్టం వాటి నమోదు, ఎగుమతి, అమ్మకం గురించే ప్రధానంగా మాట్లాడుతుంది. ఆ వస్తువు కథ ఎవరు చెప్పాలో అది చెప్పదు. ఆ ఖాళీని జనమే అడిగి పూరించుకోవాలి.

కంచు విగ్రహాలకు నిపుణుల సంరక్షణ కావాలి, దొంగల భయమూ ఉంది కదా అంటారు. నిజమే. తాళం నిపుణుడి దగ్గరే ఉండనివ్వండి. ఏ వస్తువు చూపాలి, దాని పక్కన ఏ మాట రాయాలి అన్న నిర్ణయంలో ఊరికి కూర్చునే చోటు ఇవ్వండి. మొగల్‌మారిలో దొరికినవి మొగల్‌మారిలోనే, భద్రమైన భవనంలో ఉండాలి. వివరణలు బెంగాలీ, సంతాలీతో పాటు తెలుగులోనూ ఉండాలి. దారి చూపే ఉద్యోగం ఆ ఊరి పిల్లలకే రావాలి. హిజ్లీలో రైల్వే కార్మికుల కోసం ఒక గది కావాలి. అందులో పెట్టే వస్తువులు కార్మిక కుటుంబాలే ఎంచాలి.

నమ్మే ముందు వచ్చి చూడమన్నది ధమ్మం. మ్యూజియం కూడా జనాన్ని అలాగే పిలవాలి. వచ్చినవాళ్ళకు అక్కడ తమ తాతల పని, తమ ఊరి పేరు కనిపించాలి. అవి కనిపించని గదికి వాళ్ళు రెండోసారి ఎందుకు వస్తారు?