‘సమాగమం’ కథలో తల్లియు తోటయు

ఉత్తరరామాయణమును తెలుగున రచించిన కవులలో తిక్కన, కంకంటి పాపరాజు ప్రసిద్ధులు. సీతాపరిత్యాగఘట్టమున పాపరాజు పోషించిన కరుణరసము రసికుల మన్ననకు పాత్రమైనది. అయితే పరిత్యక్త యైన తల్లి ఒంటరిగా ఇద్దరు బిడ్డలను పెంచిన కాలమును గూర్చి ప్రాచీనగాథ పలికినది స్వల్పము. సంస్కృతమూలమున శత్రుఘ్నుడు కవలలు పుట్టిన రాత్రి ఆశ్రమమున నుండెను. పండ్రెండేండ్లకు మరలి వచ్చునప్పటికి అచ్చట రామకథాగానము వినవచ్చుచుండెను. నడుమ గడచిన తల్లి దినచర్య మనకు తెలియదు. కావ్యము వాల్మీకిది, గానము కుమారులది. తల్లికి మిగిలినది పెంపకము మాత్రమే.

ఈ కొరతను పూరింప బూనిన ఆధునికరచన ఓల్గా ‘సమాగమం’. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము నందుకొనిన ‘విముక్త’ సంపుటములోని కథ యిది. లవకుశులు అడవిలో ఒక చక్కని తోటను చూచి వచ్చి తల్లికి చెప్పుదురు. దానిని పెంచినది శూర్పణఖ. అవమానముచే రగిలిన మనస్సును ఆమె మొక్కల సేవలో చల్లార్చుకొని, సౌందర్యమునకు క్రొత్త యర్థము కనుగొన్నది. బిడ్డల పెంపకమే తన జీవితసాఫల్య మని తలచు సీతను ఆమె ప్రశ్నించును. కుమారులు నగరమునకు వెళ్లిన పిదప అడవికి వత్తునన్న ఆశతో సీత మరలును.

కథాశిల్పమును మేము మెచ్చుచున్నాము. కాని ఒక శంక తీరలేదు. తోట వేసినామెకు బిడ్డలు లేరు. బిడ్డలున్న యామెకు తోట లేదు. తల్లితనమును, సృజనమును ఇరువురు స్త్రీలకు పంచియిచ్చి, సీత సృజనమును బిడ్డలు వెడలు దినమునకు వాయిదా వేయుట సమన్వయము కాజాలదు.

అనంతపురము మెట్టసీమలోని వజ్రకరూరు వంటి చోట ఈ కథను చదివినచో శంక మరింత బలపడును. ఈ యూరి ప్రాంతమున కింబర్లైటు శిలలు కలవు; తొలకరి కురిసిన పిదప జనులు చేలలో వజ్రములు వెదకుదురు. వర్షాధారమైన వేరుసెనగ పండనియేడు కొందరు వలస పోవుదురు. ఇట్టి సీమలో ఒంటరితల్లి పూలతోటకు ముందు నీటి బిందెను తలపవలెను. ‘పిదప’ అనునది ఆమెకు నిశ్చయమైన కాలము కాదు. సీతకు అన్నమిడుటకు ఆశ్రమము, బిడ్డలకు విద్య గరపుటకు వాల్మీకి ఉండిరి. ఈమె కెవరు?

ఈ సీమకు దాపుననే, నేటి శ్రీసత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళ నేటికిని నిలిచియున్నది. ఇది కుటుంబములు నడపు కళ. స్త్రీలు తెరవెనుక పాత్రలకు గొంతు నిత్తురు. బిడ్డలు పెద్దలనడుమ పెరుగుచునే పని నేర్తురు. అచ్చట బిడ్డ కళకు అడ్డు కాదు. అయితే ఆ తల్లి ఒంటరి కాదనునది మరువరాదు. ఆమెకు మేళమున్నది.

కావున సమతూకము తల్లి మనోబలముచే మాత్రమే సిద్ధించునది కాదు. చుట్టునున్నవారు ఆమె కిచ్చు గడియలపై ఆధారపడును. ఓల్గా కథలోనే దీనికి సూచన కలదు. తోటను ముందుగా కనుగొని తల్లిని అటు నడిపించినవారు బిడ్డలే. రచయిత్రి ఆ త్రోవను ఇంకను కొంతదూరము సాగించియుండిన, సీత కుమారులతోడనే ఆ తోటలో ఒక మొక్క నాటియుండెడిది. అట్టి కథ తెలుగున రావలసియున్నది.