ఏ ఇబ్రహీంపట్నం?

కోరుట్ల బస్టాండులో ఇబ్రహీంపట్నం అంటే ఏ ఇబ్రహీంపట్నమని ఎవరూ అడగరు. జగిత్యాల జిల్లాలోని మండలమే అందరికీ తడుతుంది. అదే మాట హైదరాబాద్‌లో అంటే రంగారెడ్డి జిల్లాది, విజయవాడలో అంటే కృష్ణ ఒడ్డునున్న ఊరు. పేరు ఒకటే, ఏది అన్నది పలికిన చోటు తేలుస్తుంది. ప్రోగ్రామింగ్‌లో స్కోప్ అనేది ఇదే: ఒక వేరియబుల్ పేరు ఎక్కడిదాకా చెల్లుతుందనే హద్దు. కానీ వెబ్ అప్లికేషన్ రాసేవారికి ఇంతవరకే చెప్పి వదిలేయడం పొరపాటని నా వాదన. ఆ పేరు వెనకున్న విలువ ఎంతసేపు బతుకుతుంది, ఎంతమందికి ఉమ్మడి అవుతుంది అన్నవి అక్కడ ఇంకా పెద్ద ప్రశ్నలు.

హద్దు లేని పేర్లు ఎంత చేటు చేశాయో వెబ్ చరిత్రే చెబుతుంది. పీహెచ్‌పీలో ఒకప్పుడు రిజిస్టర్ గ్లోబల్స్ అనే ఏర్పాటుండేది. బ్రౌజర్ అడ్రసులో ఎవరు ఏ పేరు రాసినా అది నేరుగా ప్రోగ్రాములో వేరియబుల్ అయి కూర్చునేది. ప్రోగ్రామర్ 'అడ్మిన్' అనే పేరుకు ముందుగా విలువ ఇవ్వడం మరిచిపోతే, బయటివాడు ఇచ్చిన విలువే చెల్లేది. 2002లో 4.2 వెర్షన్ నుంచి దాన్ని ముందుగానే ఆపి ఉంచారు, 2012లో 5.4తో పూర్తిగా తీసేశారు. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేసిన జావాస్క్రిప్ట్‌లోనూ, ప్రకటించకుండా విలువ ఇచ్చిన పేరు దానంతటదే గ్లోబల్ అయ్యేది.

2015లో అదే జావాస్క్రిప్ట్‌లోకి పేర్లను ప్రకటించే లెట్, కాన్‌స్ట్ వచ్చాయి కదా, ఇంకా ఈ బెంగ ఎందుకంటారు కొందరు. పేరు బ్లాకు దాటిపోకుండా అవి ఆపుతాయి, నిజమే. అయితే జావాస్క్రిప్ట్‌తోనే నడిచే నోడ్ సర్వర్‌లో ఫైలు మొదట్లో, ఫంక్షన్లన్నిటికీ బయట, 'యూజర్' అని లెట్‌తోనే ప్రకటించారనుకుందాం. మొదటి మనిషి లాగిన్ అయ్యాడు, అతని వివరం అందులో పడింది. డేటాబేస్ నుంచి జవాబు వచ్చేలోగా రెండో మనిషి వచ్చాడు, అతని వివరమూ అందులోనే పడింది. జవాబు వచ్చేసరికి మొదటి మనిషి తెర మీద రెండో మనిషి ఖాతా కనిపిస్తుంది. సిరిసిల్లలో ఒకే కార్మికుడు పక్కపక్కనున్న ఎన్నో సాంచాలను, అంటే మరమగ్గాలను, చూసుకుంటాడు, కానీ ఏ సాంచా పడుగు దానిదే. సర్వరూ ఆ కార్మికుడిలాంటిదే. వచ్చిన ప్రతి అభ్యర్థనకూ దాని పడుగు దానికి ఇవ్వాలి, అంటే ఆ వేరియబుల్ అభ్యర్థనను చూసే ఫంక్షన్ లోపలే పుట్టాలి. డేటాబేస్ కనెక్షన్ల వంటివి అందరికీ ఉమ్మడిగా ఉండవచ్చు, ఉండాలి కూడా. మనిషికి చెందిన వివరం మాత్రం ఉండకూడదు.

చిన్న కాలేజీ ప్రాజెక్టుకు ఇంత పట్టింపు అవసరమా అన్నది మరో అభ్యంతరం. నాకు ఎక్కువ ఆందోళన అక్కడే. ప్రాజెక్టును పరీక్షించేది ఒక్కరే, తమ లాప్‌టాప్‌లోనే. రెండో మనిషి లేనిచోట ఈ తప్పు ఎన్నడూ బయటపడదు. మార్కులూ వస్తాయి, అలవాటూ స్థిరపడుతుంది. ఆ అలవాటు తర్వాత ఏ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లోనో, ఏ బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లోనో తేలుతుంది. నాచుపల్లి, సిరిసిల్ల జేఎన్‌టీయూ కళాశాలల ల్యాబుల్లో స్కోప్ పాఠం చెప్పేటప్పుడు ప్రోగ్రాములో ఐదు సెకన్ల ఆలస్యం పెట్టి, రెండు కంప్యూటర్ల నుంచి రెండు పేర్లతో ఒకేసారి లాగిన్ చేయించాలి. ఎవరి తెర మీద ఎవరి పేరు వచ్చిందో విద్యార్థులు కళ్లారా చూస్తారు.