నాయకురాలు నాగమ్మ: పాత్రపరిణామము

పల్నాటి వీరకథలో శౌర్యమునకు బాలచంద్రుఁడును, ధర్మమునకు బ్రహ్మనాయుఁడును ప్రసిద్ధులు. నాయకురాలు నాగమ్మకు లోకము మిగిల్చినది కలహమూలమను నింద. పండ్రెండవ శతాబ్దమున గురజాల నలగామరాజునకు మంత్రిణియై, మాచెర్ల మలిదేవరాజు పక్షముతో మార్కొన్న యీమె పాత్ర, కథ చెప్పిన వారినిబట్టి రూపు మార్చుకొనుచు వచ్చినది. ఆ మార్పులకుఁ గారణ మరసిననే నిందలో నిజమెంతయో తేలఁగలదు.

శ్రీనాథకృతమని ప్రసిద్ధి గన్న ద్విపదను అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిరి. అందు మనకు ముఖ్యముగా దక్కినది బాలచంద్రుని యుద్ధభాగము. యుద్ధమునకుఁ గడఁగిన వీరుని కథలో ప్రతిపక్షమంత్రిణి రాజనీతిని విపులముగా విచారించుట కవకాశము స్వల్పము. ఇట్టి భాగమును మాత్రమే చదివి ఆమె గుణదోషములను నిర్ణయించుట, ఒక్క పక్షము వాదము విని తీర్పు చెప్పుట వంటిది.

జనశ్రుతి యింతకంటె నుదారమైనది. రాజపరివారమున కాతిథ్యమిచ్చి, వరముగా ఏడు ఘడియల మంత్రిత్వమును గోరిన స్త్రీ యని యామెను గూర్చి చెప్పుకొందురు. అధికారము పుట్టుకచేఁ గాక బుద్ధిచే నార్జించిన దానిగా ఇందామె కనఁబడును. నిందించు జనమే యామె చతురతను మెచ్చుకొనుట గమనింపఁదగినది.

కారెంపూడిలో కార్తిక అమావాస్య మొదలు ఐదునాళ్లు జరుగు వీరుల తిరునాళ్ల యందు ఈ వైచిత్రి మఱింత స్పష్టము. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని యా దినములకుఁ బేర్లు. పూజ లందుకొనువారు వీరులు. నాగమ్మ కందు భాగము లేదు. అయినను అలరాజు రాయబారము విషాదాంత మగుట, మలిదేవుని పక్షము ఆలమందపై దాడి జరుగుట, కోడిపందెమున నోడినవారు ఏడేండ్లు దేశము విడుచుట, ఈ మూఁటికిని కథలో మూలము ఆమె తంత్రమే. కథాక్రమమున ముందు రావలసిన కోడిపోరు ఉత్సవమున నాల్గవనాఁడు వచ్చుట మఱియొక విశేషము. ఉత్సవము చరిత్రను వరుసగాఁ జెప్పుటకుఁ బుట్టలేదు. మరణించినవారిని స్మరించుటకుఁ బుట్టినది. స్మరణలో శత్రువునకు న్యాయము జరుగదు. అది యుత్సవదోషము గాదు, ఉత్సవస్వభావము.

రంగస్థలమున దృష్టి మాఱినది. గుంటూరున శారదానికేతనమును స్థాపించి స్త్రీవిద్యకుఁ బాటుపడిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు తమ నాటకమునకు “నాయకురాలు” అనియే పేరిడిరి. యుద్ధము పేరఁ గాని వీరుల పేరఁ గాని వెలసిన కథకు ఆమె పేరు శీర్షిక యగుటయే యొక విమర్శ.

చలనచిత్రమున నీ పాత్ర కబ్బినది ప్రౌఢి. గూడవల్లి రామబ్రహ్మముగా రారంభింపఁగా, వారి మరణానంతరము ఎల్.వి. ప్రసాదుగారు ముగించిన 1947 నాఁటి “పల్నాటి యుద్ధము”లో కన్నాంబయు, 1966 నాఁటి చిత్రములో భానుమతియు నాగమ్మలైరి. బ్రహ్మనాయుని పాత్రను మొదటిదానిలో గోవిందరాజుల సుబ్బారావును, రెండవదానిలో నందమూరి తారకరామారావును ధరించిరి. అట్టి నటుల కెదురు నిలువఁగల నటి లేనిచో నాటకీయత యుండదు. కనుక ప్రతినాయిక సమవుజ్జీగా నెదిగినది. కాని లాభముతో నష్టమును గలదు. తెరమీఁద ఇద్దఱి స్పర్ధ పెరిగినకొలఁది, రాజ్యవిభాగము, శైవవైష్ణవ వైషమ్యము, చాపకూటిచే రేగిన సంఘక్షోభము వెనుకఁబడును. ఒక స్త్రీ పంతమే యుద్ధకారణమను పాత నిందకుఁ గొత్త బలము చేకూరును.

ద్విపద వీరుని కొఱకు, ఉత్సవము మృతుల కొఱకు, చిత్రము ప్రేక్షకుల కొఱకు నాగమ్మను మలచినవి. ఏదియు నామె కొఱకుఁ బుట్టినది కాదు. అయినను ఏ రూపమునందును ఆమె బుద్ధిబలమును మఱుఁగుపఱుప సాధ్యము కాలేదు. అదియే పాత్రకు స్థిరాంశము. పాఠశాలలో నీ కథ చెప్పు పండితులు ఆమె దుష్టయా, శిష్టయా యని విద్యార్థుల నడుగుటకంటె, ఎవరు చెప్పిన కథలో ఎట్లున్నదో పోల్చి చూపుట మేలు.