వృత్తలేఖినికి అందని గుండ్రదనం

లాటిన్ అక్షరాల గీతల చివర కనిపించే సన్నని అడ్డుకొసలను సెరిఫ్‌లు అంటారు. అవి లేని అక్షరరూపాలు సాన్స్ సెరిఫ్‌లు కాగా, వాటిలో వృత్తాన్నీ సరళరేఖనూ ఆధారంగా చేసుకున్నవి జ్యామితీయ శైలికి చెందుతాయి. 1927లో జర్మనీలో వెలువడిన పాల్ రెన్నర్ ఫ్యూచురా ఈ శైలికి పెద్దదిక్కు. ఇలాంటి అక్షరాల కొసలను అర్ధవృత్తాలుగా మలిచినప్పుడు వచ్చే రూపాన్ని పిల్లల పుస్తకాలకూ మిఠాయి పొట్లాలకూ మాత్రమే పనికివచ్చే ముద్దుతనంగా చూడడం అన్యాయం. తిరిగే మొనతో లోహాన్ని చెక్కే యంత్రమైనా, ఇంజినీరింగ్ డ్రాయింగులు గీసే గొట్టపు పాళీ కలమైనా గీత ఆగినచోట తన మొన ఆకారాన్నే వదిలిపెడుతుంది కనుక, గుండ్రని కొసకు అలంకారం కన్నా పనిముట్టుతోనే దగ్గరి చుట్టరికం.

1970ల చివర ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్ల విక్రయశాలలను ఒక గొడుగు కిందికి తెచ్చినప్పుడు, మొదటిదానికి ఫ్యూచురా, రెండోదానికి టైమ్స్ వాడుకలో ఉండగా, ఆ రెంటినీ పక్కనపెట్టి వీఏజీ రౌండెడ్ అనే కొత్త అక్షరాలను తయారు చేయించారు. తర్వాత అదే అక్షరరూపం ఆపిల్ ల్యాప్‌టాప్ మీటలపైకి చేరి, 2015లో శాన్‌ఫ్రాన్సిస్కో అనే మరో అక్షరరూపం దాని స్థానంలోకి రావడం మొదలయ్యేదాకా అక్కడ కొనసాగింది. మీట మీద ఉండేది ఒకే ఒక అక్షరం, దాన్ని చూపు క్షణంలో పట్టుకోవాలి. ఇంత తగిన చోటు ఈ రూపానికి మరొకటి దొరకడం కష్టం.

తయారీలోని అసలు కష్టం వృత్తలేఖినిని నమ్మకపోవడంలో ఉంది. కొసను అర్ధవృత్తం చేయగానే రెండు మూలల్లోని నలుపు తొలగిపోయి, కొలతలో సమానంగానే ఉన్న గీత కంటికి పొట్టిగా తోస్తుంది కాబట్టి, రూపకర్త దాన్ని వెంట్రుకవాసి పొడిగిస్తాడు. గుండ్రని ‘O’ అక్షరాన్ని పక్కవాటితో సమానమైన ఎత్తులో గీస్తే చిన్నదిగా కనిపిస్తుంది గనుక పైకీ కిందికీ కొద్దిగా దాటిస్తాడు. దీన్నే ఓవర్‌షూట్ అంటారు. ఎన్ అక్షరంలో వంపు నిలువుగీతను కలిసేచోట నలుపు గడ్డకట్టకుండా వంపును సన్నబరుస్తాడు. ఇన్ని సవరణల తర్వాతే అక్షరం జ్యామితికి లొంగినట్టు కనిపిస్తుంది. అయినా చిన్న సైజులో, పేజీల కొద్దీ పాఠానికి దీన్ని వాడడం సరికాదు, ఎందుకంటే అక్కడ కొసల గుండ్రదనం కంటికి ఆనకపోగా అంచులు మాత్రం మొద్దుబారతాయి.

ముంబైకి చెందిన ఏక్ టైప్ అనే సంస్థ రూపొందించిన బాలూ అక్షరరూపాల కుటుంబంలో తెలుగుకు బాలూ తమ్ముడు అనే బొద్దైన, గుండ్రని ఫాంటు ఉంది. తెలుగు లిపిలో వంపులకు కొదవ లేదు కనుక ఇక్కడ పరీక్ష అంతా లోపలి ఖాళీలదే. ద, ధ, థ అక్షరాల్లో మూడోదాన్ని రెండోదాని నుంచి వేరుచేసేది కడుపులోని చుక్క ఒక్కటే. గీత లావెక్కేకొద్దీ ఆ కడుపు ఇరుకై చుక్క అంచుకు తగులుతుంది, అచ్చులో సిరా కాస్త పరుచుకున్నా రెండూ కలిసిపోతాయి. అందువల్ల చుక్కను మరీ చిన్నది చేయకుండా, దాని చుట్టూ ఉన్న గీతనే లోపలివైపు కొంత పలచబరచవలసి వస్తుంది.