తేరు ఏ వీధికి తిరుగుతుంది?

తేరు మోయడానికి బలమొక్కటే చాలదు. గుడి గుట్ట మీదా ఊరు గుట్ట కిందా ఉన్నచోట, మోసేవాళ్లను ఎక్కడెక్కడ నిలబెట్టాలో తెలిసుండాలి. దిగేటప్పుడు పొడుగువాళ్లు ముందు, పొట్టివాళ్లు వెనక. ఎక్కేటప్పుడు ఈ వరస తిరగబడాలి. లేకుంటే తేరు మీది పునీతుడి స్వరూపం ఒరిగి, బరువంతా ఇద్దరు ముగ్గురి భుజాల మీదికి దిగుతుంది. భుజానికీ వాసానికీ మధ్య పెట్టుకునే తువ్వాలు తడిపి, పిండి, మడతెయ్యాలి. పొడి గుడ్డ జారుతుంది. ఈ విద్య నాకు మా ఉపదేశిగారి దగ్గర అబ్బింది. జపం చెప్పేటప్పుడు ఆయన గొంతు మెత్తగా ఉండేది. తేరు కిందికి వస్తే మాత్రం ఊరంతా వినపడేది: "రేయ్, కట్ట మలుపు దాటేదాకా ఎవురూ భుజం మార్చొద్దు!"

మాది జూన్ 13, అంతోనివారి పండగ. 1231లో ఇటలీలోని పాదువా దగ్గర ఆయన కన్నుమూసిన రోజు. అక్కడి సంగతేమో గానీ మాకది ఏరువాక కాలం. తొలకరి పడిందా, వేరుశనగ విత్తనం ఇల్లు చేరిందా అని ఊరు ఊరంతా ఆకాశం కేసి చూస్తుంటుంది. మిరప కోతలకు గుంటూరు వైపు పోయినవాళ్లు, బెంగళూరులో కట్టడం పనులకు పోయినవాళ్లు సేద్యానికో పండగకో తిరిగొచ్చి ఉంటారు. జెండా ఎక్కుతుంది, నవదిన ప్రార్థనలు మొదలవుతాయి. రాత్రిళ్లు గుడి అరుగు మీద రంగు కాగితాలు ముందేసుకుని కూర్చుంటాం. పూల పని ఒక పెద్దామెది. కాగితాన్ని చీర కుచ్చిళ్లలా సన్నగా మడిచి, నడిమధ్య దారం బిగించి, కొసలు కత్తిరించి, ఒక్కో పొర బొటనవేలితో పైకి లేపుతుంది. చేతిలో చామంతి విచ్చుకుంటుంది. మైదా జిగురు ఉడికించే గిన్నె ఆమె తప్ప ఎవరూ ముట్టకూడదు. మాడితే కాగితం మీద మరక పడుతుందని భయం.

దివ్యబలిపూజ అయ్యాక తేరు లేస్తుంది. ముందు డప్పులు, వెనక ట్రాలీ మీద జనరేటరు. ఒక కుర్రాడు ఎండిన వెదురు పంగలకర్ర పట్టుకుని ముందే నడుస్తూ వేలాడే కరెంటు తీగల్ని పైకెత్తుతాడు. పెద్దవీధి, బజారు దాటి, గుట్ట వెనకున్న వాడకు మళ్లుతుంది. నాకు పండగంటే అసలు అక్కడే మొదలు. అక్కడి ఆడవాళ్లు మధ్యాహ్నం నుంచే వాకిట నాపబండలు కడిగి ఉంటారు. పగలంతా కాగిన బండ మీద నీళ్లు చల్లితే లేచే వాసన వీధి మలుపులోనే తగులుతుంది. గ్లాసులో బియ్యం పోసి, అందులో కొవ్వొత్తి నిలిపి, గడప పక్కన పెడతారు. మంచం పట్టిన ముసలాయన్ని కుర్చీతో సహా వాకిట్లోకి తెస్తారు. తేరు ఆయన ముందు ఆగుతుంది.

కొండెక్కి మొక్కు తీర్చుకోవడమంటే మా వైపు కతోలికులకు గుణదల. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే మేరీమాత తిరునాళ్లకు కడప నుంచీ కర్నూలు నుంచీ రైళ్లలో, బస్సుల్లో వెళ్తారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయ కొడతారు, మెట్లెక్కి సిలువ దాకా పోతారు. 1924లో ఆర్లాటి అనే ఇటలీ గురువు అక్కడి అనాథశరణాలయం చూసుకుంటూ ఒక మాత స్వరూపం నిలిపారు. అంత పెద్ద తిరునాళ్లకు అదే మొదలు. ఆ కొండంటే నాకూ ప్రేమే. అయితే కొండ ఎక్కగలిగినవాళ్ల కోసం. తేరేమో కొండ ఎక్కలేనివాళ్ల కోసం. పునీతుడే దిగివచ్చి గడప ముందు నిలబడాలి. అందుకే తేరు ఎంత ఎత్తుంది, ఎన్ని బల్బులు వెలిగాయి అన్నదానికంటే ఏ వీధికి తిరిగిందన్నది నాకు ముఖ్యం.

ఇది మా ఊళ్లో పుట్టిన ప్రశ్న కాదు. రాయలసీమకు కతోలిక మతం వచ్చిన నాటి నుంచీ ఉంది. 18వ శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి జెస్విట్ గురువులు పుంగనూరుకు, అనంతపురం వైపు కృష్ణాపురానికి వచ్చారు. సన్యాసుల్లా కాషాయం కట్టారు, మాంసం మానేశారు, తెలుగు నేర్చారు. వాళ్లలో కూర్దూ అనే ఆయన తెలుగు నిఘంటువు రాశాడు. సంస్కృతానికీ లాటిన్‌కూ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకు రాసి పంపాడు. వాళ్ల చదువుకూ కష్టానికీ నేను దణ్ణం పెడతాను. అయితే పైకులాల వాళ్లు దగ్గరికి రానిస్తారో లేదో అన్న భయంతో వెలివాడ ఇళ్లలోకి బాహాటంగా అడుగు పెట్టలేకపోయారు. 1704లో పోపు రాయబారి తూర్నోన్ పుదుచ్చేరిలో ఆజ్ఞ జారీ చేశాడు: రోగం వచ్చిన పరయవాళ్ల ఇళ్లకు వెళ్లి దేవద్రవ్యానుమానాలు, అంటే దివ్యసంస్కారాలు, ఇవ్వాల్సిందే. దాని మీద నలభై ఏళ్లు వాదన నడిచింది. 1744లో పోపు 14వ బెనెడిక్టు చెప్పిన తీర్పులోనూ ఆ మాటే నిలిచింది. ఒక గడప దాటడానికి రోము దాకా వ్యవహారం పోయింది!

మద్దిగుబ్బ, ఆలమూరు లాంటి పల్లెల్లోని ఆనాటి రైతు కుటుంబాలు కొన్ని తర్వాత గుంటూరు సీమకు వలస పోయాయి. ఫిరంగిపురం కతోలికుల్లో ఆ మూలాలున్నవాళ్లున్నారు. అక్కడా కొండ మీద కార్మెల్‌మాత, జూలై 16న పండగ. ఇక్కడ మిగిలిన సీమలో వాడలు పెద్దయెత్తున క్రైస్తవ సంఘాల్లో చేరింది 1876-78 ధాత కరువు తర్వాత. గంజి పోసినవాడి వెంట పోయారని తేలిగ్గా అనేవాళ్లున్నారు. ఆకలి తీరాక కూడా మనవల తరం దాకా ఎందుకు నిలిచారో అడిగితే వాళ్లకు జవాబు దొరుకుతుంది. తమ గడప దాకా వచ్చిన దేవుణ్ణి వాళ్లు వదులుకోలేదు.

వదులుకోనందుకు మూల్యం ఇంకా చెల్లిస్తున్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులం కిందికి రాడు; మన రాష్ట్రంలో బీసీ-సి అవుతాడు. ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. ఢిల్లీలో ఆ పని కావాల్సే ఉంది. ఇంకో పక్క కర్నూలు జిల్లాలో పుట్టి, కడప మేత్రాసనంలో గురువై, కర్నూలు పీఠాధిపతిగా పనిచేసిన పూల అంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో మొదటివారు, దళితుల్లోనూ మొదటివారు. ఆ వార్త వచ్చిన రోజు మా వాడలో తిరిగిన సంతోషం నేను చూశాను.

ఈసారి పండగ కూటంలో కొందరు కుర్రాళ్లు తేరును ట్రాక్టరు మీద పెడదామన్నారు. మోసేవాళ్లు తగ్గారు, ఉన్నవాళ్లకు మోకాళ్ల నొప్పులు; వాళ్ల మాట కాదనలేం. ట్రాక్టరొస్తే ఎత్తైన తోరణం, ఎల్‌ఈడీ లైట్లు పెట్టొచ్చు. కానీ వెనకవాడ సందులో ట్రాక్టరు తిరగదు. "ఆ వీధోళ్లే బజారుకొచ్చి చూస్తార్లే చిన్నాయనా," అన్నాడొకడు. అక్కడ నేను ఒప్పుకోలేదు. తేరునే చిన్నది చేద్దాం, భుజాల మీదే మోద్దాం అన్నాను. చాలాసేపు మాటామాటా నడిచాక తోరణం మూరెడు కోయించడానికి ఒప్పుకున్నారు. బల్బుల దండలు సగం తగ్గాయి. ఆ కుర్రాళ్లకు ఇంకా మనసు కష్టంగానే ఉంది. నవదినాలు మొదలయ్యేలోగా వాళ్లిళ్లకు వెళ్లి కూర్చుని మాట్లాడాలి.